పాత డెస్క్‌టాప్‌లో పాడైపోతున్న గ్రాఫిక్స్ కార్డు మార్చుకోవడం ఎలా?

స్క్రీన్ మీద ఉన్నట్టుండి ఊదా, ఆకుపచ్చ రంగుల్లో గళ్లు పడతాయి. లేదా గేమ్ మధ్యలో తెర నల్లబడిపోతుంది, ఫ్యాన్లు హోరుమని తిరుగుతుంటాయి, స్పీకర్లలో సౌండ్ మాత్రం వస్తూనే ఉంటుంది. ఏళ్ల తరబడి వాడిన డెస్క్‌టాప్‌లో ఇలా జరిగితే చాలామంది వెంటనే కొత్త కార్డు కోసం వెతకడం మొదలుపెడతారు. కార్డు విప్పి ఇంకోటి బిగించడం అరగంట పని. డబ్బు దండగయ్యేది అంతకు ముందే. తప్పు కేబుల్‌దో, పవర్ సప్లైదో అయితే కార్డు కొని లాభం లేదు. కార్డుదే అయినా, పాత మిషన్‌కు పడని మోడల్ తెచ్చుకుంటే అదీ డబ్బాలోనే ఉండిపోతుంది. అందుకే ఇందులో సగానికి పైగా స్క్రూడ్రైవర్ పట్టకముందు చేయాల్సిన పనులే ఉన్నాయి.

ముందు తప్పు ఎక్కడుందో తేల్చండి

తేలిక పరీక్షలతో మొదలుపెట్టండి. మానిటర్ కేబుల్ మార్చండి. కార్డుకు రెండు మూడు పోర్టులుంటే వేరే పోర్టుకు పెట్టి చూడండి. వీలైతే వేరే మానిటర్‌కో, టీవీకో కలపండి. ఇంతటితోనే సమస్య పోయిన సందర్భాలు తక్కువేమీ కావు.

గళ్లు, గీతలు కనిపిస్తున్నప్పుడు చేయదగ్గ మంచి పరీక్ష ఒకటుంది. అవి తెర మీద ఉండగానే స్క్రీన్‌షాట్ తీయండి. దాన్ని ఫోన్‌కు పంపి ఫోన్‌లో చూడండి. ఫోన్‌లో కూడా గళ్లు కనిపిస్తే కార్డు లోపల తయారైన బొమ్మే చెడిపోయిందని అర్థం, అంటే గ్రాఫిక్స్ చిప్పో, దాని మెమొరీయో, డ్రైవరో. ఫోన్‌లో బొమ్మ శుభ్రంగా ఉంటే, చెడుతున్నది బొమ్మ బయటికి వెళ్లే దారిలో, అంటే కేబుల్‌లోనో, మానిటర్‌లోనో, కార్డు పోర్టు దగ్గరో.

డ్రైవర్ (విండోస్ చేత కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) తప్పా, కార్డు తప్పా అన్నది తేల్చడానికి కంప్యూటర్ ఆన్ చేయగానే బయోస్ సెటప్‌లోకి, అంటే విండోస్ కంటే ముందే నడిచే మదర్‌బోర్డు సొంత సెట్టింగుల తెరలోకి వెళ్లండి. అక్కడ విండోస్ ఉండదు, డ్రైవర్ ఉండదు. ఆ స్క్రీన్‌లోనూ అక్షరాలు చెదిరి, చుక్కలు పడుతుంటే డ్రైవర్‌ను అనుమానించాల్సిన పనే లేదు. బయోస్‌లో అంతా బాగుండి విండోస్‌లో మాత్రమే తేడా వస్తుంటే, డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత టూల్‌ను సేఫ్ మోడ్‌లో (అత్యవసరమైన వాటితో మాత్రమే విండోస్ నడిచే పద్ధతి) నడిపి పాత డ్రైవర్‌ను పూర్తిగా తుడిచేసి, తయారీ కంపెనీ సైటు నుంచి తాజా డ్రైవర్ వేసి చూడండి.

విండోస్ తన వంతుగా కొన్ని ఆధారాలు రాసిపెడుతుంది. గ్రాఫిక్స్ కార్డు మామూలుగా రెండు సెకన్లలోపు బదులివ్వకపోతే విండోస్ దాన్ని రీసెట్ చేస్తుంది. తెర ఒక్క క్షణం నల్లబడి తిరిగొచ్చేది అందుకే. ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి 4101 నంబరు కోసం వెతికితే అది ఏ రోజు, ఏ టైముకు జరిగిందో దొరుకుతుంది. రీసెట్‌కూ లొంగకపోతే వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్ అనే పేరుతో బ్లూ స్క్రీన్ వస్తుంది. డివైస్ మేనేజర్‌లో కార్డు పేరు మీద పసుపు గుర్తు, లోపల కోడ్ 43 కనిపించి, కొత్త డ్రైవర్ వేసినా అది పోకపోతే కార్డు ఆయువు తీరుతోందనే అనుకోవాలి.

వేడి సంగతి కూడా చూడండి. జీపీయూ-జెడ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి పెట్టి గేమ్ ఆడుతూ ఉష్ణోగ్రత గమనించండి. పని ఒత్తిడిలో 65 నుంచి 85 డిగ్రీల మధ్య ఉండటం మామూలే. 90 దాటి ఎగబాకుతుంటే దుమ్ము పట్టిన హీట్‌సింకో (వేడిని లాగే లోహపు రెక్కలు), తిరగని ఫ్యానో, చిప్ వేడిని హీట్‌సింక్‌కు చేర్చే థర్మల్ పేస్ట్ ఎండిపోవడమో కారణం కావచ్చు. ఖాళీగా ఉన్నప్పుడు ఫ్యాన్ తిరగడం లేదని కంగారు పడకండి. చల్లగా ఉన్నంతసేపు ఫ్యాన్ ఆపేసే కార్డులు చాలా ఉన్నాయి. దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకుని ఊదండి, గాలికి అది గిర్రున తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది. వారంటీ ఎలాగూ అయిపోయి, విప్పే ఓపిక ఉంటే కొత్త పేస్ట్ రాసి చూడటంలో తప్పు లేదు. వేడి వల్లే ఆగిపోతున్న కార్డు దాంతో ఇంకో రెండేళ్లు పనిచేయొచ్చు. చల్లగా ఉన్నప్పుడే గళ్లు వేసే కార్డుకు మాత్రం పేస్ట్ వల్ల ఒరిగేదేమీ లేదు.

ఇక పవర్ సప్లై. దీన్ని అందరూ మర్చిపోతారు. గేమ్ మొదలవగానే తెర ఒక్కటే కాకుండా మొత్తం కంప్యూటరే టప్పున ఆగిపోయి రీస్టార్ట్ అవుతుంటే మొదటి అనుమానం ఈ పవర్ సప్లై (ఎస్ఎమ్‌పీఎస్) మీదే పెట్టుకోవాలి. అందులోని కెపాసిటర్లు ఏళ్లు గడిచేకొద్దీ బలహీనపడతాయి, కార్డు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగినప్పుడు తట్టుకోలేవు.

అన్నిటికంటే గట్టి రుజువు మార్పిడి పరీక్ష. మీ కార్డును ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చూడండి, లేదా పనిచేస్తున్న కార్డు ఒకటి అడిగి తెచ్చుకుని మీ దాంట్లో పెట్టండి. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంటే కార్డు తీసేసి, మానిటర్‌ను మదర్‌బోర్డు పోర్టుకు కలిపి కొన్నాళ్లు నడపండి. ఇంటెల్‌లో మోడల్ నంబరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ప్రాసెసర్లకు, ఏఎమ్‌డీ రైజన్‌లో 7000 సిరీస్‌కు ముందు వచ్చిన, పేరు చివర జీ లేని డెస్క్‌టాప్ మోడళ్లకు ఈ సదుపాయం ఉండదు.

ఇంటర్నెట్‌లో కనిపించే ఓవెన్ చిట్కా జోలికి మాత్రం వెళ్లకండి. చిప్ కింద ఉండే సన్నటి టంకం బొట్లు వేడెక్కుతూ చల్లారుతూ పగుళ్లిస్తాయి. కార్డును ఓవెన్‌లో కాలిస్తే అవి కొన్ని రోజులు అతుక్కున్నట్టే ఉంటాయి. మళ్లీ అదే జబ్బు తిరగబెడుతుంది, పైగా ఆ పొగలు మీరు అన్నం వండుకునే చోట నిండుతాయి.

పాత మిషన్‌కు ఏ కార్డు పడుతుంది?

కార్డుదే తప్పని తేలింది. ఇప్పుడు కొత్తది ఎంత స్పీడున్నదని కాక, మీ కంప్యూటర్ దేన్ని మోయగలదని ఆలోచించండి.

మొదట కరెంటు లెక్క. మదర్‌బోర్డు మీది పొడవాటి పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ నుంచి కార్డు గరిష్ఠంగా 75 వాట్లు తీసుకోగలదు. అంతకు మించి కావాలంటే పవర్ సప్లై నుంచి విడిగా కేబుల్ రావాలి. 6 పిన్నుల కనెక్టర్ 75 వాట్లు, 8 పిన్నులది 150 వాట్లు ఇస్తుంది. క్యాబినెట్ తెరిచి పవర్ సప్లై మీది లేబుల్ చూడండి. పెద్ద అక్షరాల్లో ఉన్న 450, 500 వాట్ల అంకెను నమ్మకండి. 12 వోల్టుల లైన్ ఎన్ని ఆంపియర్లో చూసి 12తో గుణించండి. అక్కడ 18 ఆంపియర్లుంటే ఆ లైన్ ఇచ్చేది 216 వాట్లే. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ప్రధానంగా ఆ లైన్ మీదే బతకాలి.

6 పిన్నుల కేబుల్ లేనప్పుడు, హార్డ్ డిస్క్‌కు కరెంటిచ్చే శాటా ప్లగ్ నుంచి మార్చే అడాప్టర్లు దొరుకుతాయి. వాటిని వాడొద్దు. శాటా పవర్ ప్లగ్ 12 వోల్టుల దగ్గర 4.5 ఆంపియర్లకు, అంటే 54 వాట్లకు మాత్రమే తయారైంది. దాని నుంచి 75 వాట్లు లాగితే ప్లగ్ కరిగిపోతుంది, ఒక్కోసారి నిప్పే అంటుకుంటుంది.

నా సలహా ఏమిటంటే, పవర్ సప్లై పదేళ్లకు దగ్గరపడి, దాన్ని కూడా మార్చే ఉద్దేశం లేకపోతే, విడి కేబుల్ అక్కర్లేని కార్డే తీసుకోండి. ఎన్విడియాలో 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050 కార్డు 70 వాట్లది, స్లాట్ కరెంటుతోనే నడిచేలా వచ్చింది. జీటీఎక్స్ 1650 కూడా 75 వాట్లదే, కానీ కొన్ని కంపెనీలు దానికి 6 పిన్నుల కనెక్టర్ పెట్టాయి కాబట్టి ఫొటో చూసి కొనండి. ఏఎమ్‌డీ ఆర్‌ఎక్స్ 6400 అయితే 53 వాట్లే. బ్రౌజింగ్, వీడియోలు, ఆఫీసు పని మాత్రమే ఉంటే 30 వాట్ల జీటీ 1030 సరిపోతుంది. దాంట్లో జీడీడీఆర్5 మెమొరీ ఉన్నదే అడగండి. అదే పేరుతో వచ్చిన డీడీఆర్4 రకం చాలా నెమ్మది.

స్లాట్ విషయంలో కొత్త కార్డులు పాత స్లాట్లలోనూ పనిచేస్తాయి, వేగం మాత్రం పాత తరానిది వస్తుంది. సాధారణంగా ఈ తేడా పెద్దగా తెలియదు. చిక్కల్లా తక్కువ లేన్లున్న (కార్డుకూ బోర్డుకూ మధ్య డేటా నడిచే దారులు) కార్డులతోనే. ఆర్‌ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీ కార్డులు చూడటానికి పూర్తి సైజు స్లాట్‌లో కూర్చున్నా, లోపల వాడుకునేది నాలుగు లేన్లే. నాలుగో తరం స్లాట్‌లో అది సర్దుకుంటుంది. మూడో తరం మదర్‌బోర్డులో ఆ దారి సగానికి కుంచించుకుపోతుంది, 4 జీబీ మెమొరీ నిండిన గేమ్‌లో నత్తనడక మొదలవుతుంది. పాత మిషన్‌లో గేములే ముఖ్యమైతే నేను ఎనిమిది లేన్లకు తగ్గని కార్డు వైపే మొగ్గుతాను.

ఇంటెల్ ఆర్క్ కార్డులు ధరకు తగ్గ వేగమే ఇస్తాయి, అయితే ప్రాసెసర్ కార్డు మెమొరీ మొత్తాన్నీ ఒకేసారి వాడుకోనిచ్చే రీసైజబుల్ బార్ అనే సదుపాయం బయోస్‌లో ఉండాలి. అది లేని పాత బోర్డుల్లో వాటి వేగం బాగా పడిపోతుంది. పాత డెస్క్‌టాప్‌కు ఆర్క్ వద్దు.

బయోస్ కూడా ఒక అడ్డంకే. సుమారు 2012కు ముందు వచ్చిన చాలా బోర్డుల్లో యూఈఎఫ్ఐ, అంటే బయోస్‌కు కొత్త తరం రూపం, ఉండదు. అలాంటి వాటిలో కొన్ని కొత్త కార్డులు అసలు డిస్‌ప్లేనే ఇవ్వవు. మీ బోర్డు మోడల్ పేరు, కార్డు పేరు కలిపి వెతికి, అదే జంట నడిపిన వాళ్లు ఉన్నారేమో చూసుకోండి. బోర్డు కంపెనీ సైటులో కొత్త బయోస్ ఉంటే పాత కార్డు ఇంకా బొమ్మ చూపిస్తుండగానే అప్‌డేట్ చేసేయండి.

మానిటర్ పాతదై వీజీఏ సాకెట్ ఒక్కటే ఉంటే ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఎన్విడియాలో 2016లో వచ్చిన జీటీఎక్స్ 1000 సిరీస్ నుంచి డీవీఐ పోర్టులో వీజీఏకు కావాల్సిన అనలాగ్ సిగ్నల్ లేదు. కాబట్టి పాత కార్డుతో వచ్చిన చిన్న డీవీఐ-వీజీఏ ముక్క కొత్తదానికి పనికిరాదు. లోపల చిప్ ఉన్న హెచ్‌డీఎమ్ఐ-వీజీఏ కన్వర్టర్ కొనాలి.

సైజు టేపుతో కొలవండి, కంటి అంచనా వద్దు. క్యాబినెట్ వెనక రేకు నుంచి లోపల హార్డ్ డిస్క్ బోను దాకా ఎన్ని మిల్లీమీటర్లుందో చూసి, కార్డు పొడవుతో పోల్చండి. రెండు స్లాట్ల మందం ఉన్న కార్డు కింద శాటా పోర్టులు మూసుకుపోతాయేమో కూడా చూడండి. సన్నటి ఆఫీసు క్యాబినెట్ అయితే ఎత్తు తక్కువుండే లో ప్రొఫైల్ కార్డు, దానితోపాటు పొట్టి బ్రాకెట్ ఉండాలి.

విండోస్ 7 వాడుతున్నవాళ్లకు ఒక మాట. ఎన్విడియా విండోస్ 7, 8లకు కొత్త గేమ్ డ్రైవర్లు 2021లోనే ఆపేసింది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కార్డు కొనేముందు దాని డ్రైవర్ పేజీలో మీ విండోస్ పేరు ఉందో లేదో చూడండి.

సెకండ్ హ్యాండ్ కార్డు పాత మిషన్‌కు చాలాసార్లు తెలివైన ఎంపికే. నడుస్తుండగా చూసి, జీపీయూ-జెడ్ తెరిపించి, అప్పుడే డబ్బివ్వండి. పాతకాలపు చిప్ ఉన్న కార్డుకు దాని సొంత బయోస్ మార్చి జీటీఎక్స్ 1050 టీఐ అని అమ్మే నకిలీలు తిరుగుతున్నాయి. అలాంటి వాటిలో చాలావాటిని ఆ టూల్ పేరు ముందే ఫేక్ అని చూపిస్తుంది.

విప్పకముందు

ముఖ్యమైన ఫైళ్లు వేరేచోట కాపీ చేసుకోండి. విండోస్ డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ ఫోన్‌లోనో, కాగితం మీదో ఉంచుకోండి. బయోస్‌లో మార్పులు చేశాక విండోస్ ఆ 48 అంకెల కీ అడిగి కూర్చుంటే, అది అదే డిస్క్‌లో ఉండి లాభం లేదు. కొత్త కార్డు డ్రైవర్‌ను ముందే డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. ఎన్విడియా నుంచి ఏఎమ్‌డీకో, ఏఎమ్‌డీ నుంచి ఎన్విడియాకో మారుతుంటే పాత డ్రైవర్‌ను సేఫ్ మోడ్‌లో తుడిచేసి షట్‌డౌన్ చేయండి. అదే కంపెనీ కార్డైతే ఇది తప్పనిసరి కాదు.

లినక్స్‌లో ఏఎమ్‌డీ డ్రైవర్ కెర్నల్‌లోనే (లినక్స్ మూల భాగంలోనే) ఉంటుంది, పెద్దగా పనుండదు. ఎన్విడియా నుంచి మారేటప్పుడు మాత్రం దాని ప్యాకేజీని ముందే తీసేయండి.

పాత కార్డు తీయడం

షట్‌డౌన్ చేసి, పవర్ సప్లై వెనక స్విచ్ ఆపి, ప్లగ్ పీకేయండి. తర్వాత పవర్ బటన్‌ను ఐదారు సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్‌ను టేబుల్ మీద పడుకోబెట్టండి. నిలబెట్టి చేస్తే కార్డు బరువు స్లాట్ మీద వేలాడుతుంది. పక్క తలుపు తీశాక, కార్డును ముట్టుకునే ముందు క్యాబినెట్ రంగు లేని ఇనుప భాగాన్ని ఓసారి తాకండి, ఒంట్లో స్టాటిక్ చార్జ్ ఉంటే దానికి పోతుంది. కేబుళ్లు ఎక్కడివక్కడ ఉండగా ఒక ఫొటో తీసుకోండి.

కార్డుకు పవర్ కేబుల్ ఉంటే దాని పక్కనున్న చిన్న నాలుకను నొక్కుతూ తిన్నగా లాగండి. ఏళ్ల తరబడి వేడికి బిగుసుకుపోయి ఉంటుంది, తీగలు పట్టుకుని లాగొద్దు, ప్లాస్టిక్ తలనే పట్టుకోండి. వెనక రేకు దగ్గర బ్రాకెట్ స్క్రూలు తీసి ఒక గిన్నెలో వేయండి.

చిక్కంతా స్లాట్ చివరనున్న ప్లాస్టిక్ గొళ్లెం దగ్గరే. అది కార్డు కింద, హీట్‌సింక్ చాటున ఉంటుంది. వేలు దూరదు. కొన్ని బోర్డుల్లో కిందికి నొక్కాలి, కొన్నింటిలో పక్కకు జరపాలి. టార్చి వేసి ఏ రకమో చూసుకుని, చెక్క పుల్లతోనో, ప్లాస్టిక్ స్కేలు కొసతోనో నొక్కండి. ఇక్కడ ఇనుప స్క్రూడ్రైవర్ వాడితే, అది జారి బోర్డు మీద గీత పెట్టిందంటే బోర్డే పోతుంది. టిక్ మని వినిపించాక కార్డును రెండు చేతులతో, బ్రాకెట్ వైపు కొంచెం, కొస వైపు కొంచెం ఊపుతూ పైకి లాగండి. రాకపోతే గొళ్లెం ఇంకా వదల్లేదనో, ఒక స్క్రూ మిగిలిందనో అర్థం. బలం ఉపయోగించకండి.

స్లాట్ ఖాళీ అయ్యాక లోపల దుమ్ము ఊదేయండి. ఎలాగూ తెరిచారు కాబట్టి బోర్డు మీదుండే నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీ కూడా మార్చేయండి. పాత బోర్డుల్లో టైము, బయోస్ సెట్టింగులు పోతుండటానికి చాలాసార్లు అదే కారణం. మార్చాక బయోస్ మొదటి సెట్టింగులకు వెళ్లిపోవచ్చు, అందుకని పాతవి ముందే ఫొటో తీసుకోండి.

కొత్తది బిగించడం

పోర్టుల మీది ప్లాస్టిక్ మూతలు, కార్డు బంగారు అంచు మీది తొడుగు తీసేయండి. ఆ అంచును వేళ్లతో ముట్టుకోకండి. కొత్త కార్డు రెండు స్లాట్ల మందం అయితే వెనక ఇంకో రేకు పట్టీ తీయాల్సి రావచ్చు. గొళ్లెం తెరిచి ఉందో లేదో చూసి, కార్డును స్లాట్ మీద తిన్నగా ఆనించి, రెండు కొసల మీద సమంగా నొక్కండి. గొళ్లెం తనంతట తానే పడుతుంది. బంగారు అంచు ఒక వైపు కొంచెం బయటికి కనిపిస్తుంటే సరిగ్గా కూర్చోలేదన్నమాట. స్క్రూలు బిగించాక మరోసారి చూడండి, బ్రాకెట్ బిగిస్తుంటే రెండో కొస పైకి లేవడం పాత క్యాబినెట్లలో మామూలే.

పవర్ కేబుల్ పెట్టేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ప్రాసెసర్‌కు వెళ్లే 8 పిన్నుల కేబుల్ కూడా చూడటానికి ఇలాగే ఉంటుంది, వైరింగ్ మాత్రం తలకిందులు. ప్రాసెసర్‌ది 4, 4గా విడిపోతుంది, కార్డుది 6, 2గా విడిపోతుంది. దూరకపోతే బలవంతంగా దూర్చొద్దు. విడదీసే కేబుళ్లున్న పవర్ సప్లై అయితే వేరే మోడల్ కేబుల్ తెచ్చి పెట్టకండి. పవర్ సప్లై వైపు పిన్నుల వరస మోడల్‌ను బట్టి మారిపోతుంది, ఒక్కసారి ఆన్ చేస్తే కార్డు కాలిపోవచ్చు.

మొదటిసారి ఆన్ చేస్తే

మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డుకు కాక కార్డుకే పెట్టారా? డిస్‌ప్లే రావడం లేదని టెన్షన్ పడేవాళ్లలో ఎక్కువమంది దగ్గర తేలేది ఇదే. అది సరిగ్గానే ఉండి తెర చీకటిగా ఉంటే, ఆఫ్ చేసి ప్లగ్ పీకి, కార్డు తీసి మళ్లీ పెట్టండి, పవర్ కేబుల్ నొక్కండి. బోర్డు మీద వీజీఏ అని రాసి ఉన్న చిన్న లైటు వెలుగుతున్నా, స్పీకర్‌లో ఒక పొడవు రెండు పొట్టి బీప్‌లు వస్తున్నా బోర్డుకు కార్డు కనబడటం లేదని సాధారణంగా అర్థం. ఇంకా రాకపోతే ప్రాసెసర్ గ్రాఫిక్స్‌తో బయోస్‌లోకి వెళ్లి, యూఈఎఫ్ఐ బోర్డును పాత బయోస్ పద్ధతిలో నడిపించే సీఎస్ఎమ్ సెట్టింగ్ చూడండి. అక్కడే ఒక ఉచ్చు ఉంది. విండోస్‌ను డిస్క్‌ను విభజించే పాత ఎమ్‌బీఆర్ పద్ధతిలో వేసి ఉంటే సీఎస్ఎమ్ ఆపగానే విండోస్ బూట్ కాదు. ముందు విండోస్‌తో వచ్చే ఎమ్‌బీఆర్2జీపీటీ టూల్‌తో డిస్క్‌ను కొత్త జీపీటీ పద్ధతికి మార్చి, ఆ తర్వాతే ఆపాలి.

బొమ్మ వచ్చిందా, రిజల్యూషన్ తక్కువగా ఉంటుంది. అది డ్రైవర్ లేకపోవడం వల్లే. పెన్‌డ్రైవ్‌లోని డ్రైవర్ వేసి రీస్టార్ట్ చేయండి.

తర్వాత పరీక్ష. జీపీయూ-జెడ్‌లో కార్డు పేరు, మెమొరీ, ఎన్ని లేన్లలో నడుస్తోందో చూడండి. పదహారు లేన్ల కార్డు నాలుగో ఎనిమిదో చూపిస్తే కొంచెం లోడ్ పెట్టి మళ్లీ చూసి, అప్పటికీ మారకపోతే కార్డును తీసి పెట్టండి. కార్డు మీద పూర్తి లోడ్ పెట్టే ఫర్‌మార్క్ అనే సాఫ్ట్‌వేర్‌ను పావుగంట నడిపితే వేడి, పవర్ సప్లై రెండింటి బలం తెలుస్తుంది. అంతకంటే ఎక్కువసేపు దాన్ని నడపడం కార్డును హింసించడమే. ఆ తర్వాత మీరు రోజూ ఆడే గేమే అసలు పరీక్ష. పక్క తలుపు మూసి ఉన్నప్పుడు ఉష్ణోగ్రత, తీసి ఉన్నప్పటి కంటే పది డిగ్రీలు పెరుగుతుంటే క్యాబినెట్‌లో గాలి ఆడటం లేదు, వెనక ఒక ఫ్యాన్ చేర్చండి.

వాపసు గడువు ముగిసేలోపే ఈ పరీక్షలన్నీ పూర్తిచేయండి, డబ్బా, లోపలి అట్టలు, బిల్లు అప్పటిదాకా పారేయకండి. పాత కార్డును పనిచేస్తుందని చెప్పి ఎవరికీ అంటగట్టకండి. రిపేరు చేసేవాళ్లకు విడిభాగాలకని ఇవ్వండి, లేకపోతే ఈ-వేస్ట్ తీసుకునేచోట వేయండి. దాని ఫ్యాన్, బ్రాకెట్ స్క్రూలు మాత్రం తీసి పెట్టుకోండి.